నాలుగు పేజీల రామకోటి

పాండిచ్చేరి పేరు ఇంకా పుదుచ్చేరి కాని రోజులు. నేను ఆ ఊళ్ళో ఒక సర్కారు బళ్ళో ఇంగ్లీషు టీచరుని. తెలుగు పత్రికల్లో నా కథలు కొన్ని పడ్డాయి, ఒక నవల మనసులో పడి నాలుగేళ్ళయింది. మూడు అధ్యాయాలు రాసి, వాటినే దిద్దుకుంటూ, మళ్ళీ మొదటికి వచ్చి దిద్దుకుంటూ ఉండేదాన్ని. బడి, వంట, పాప హోంవర్కు, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. ఒక్క ఏడాది నన్ను ఊరికే కూర్చోనిస్తే ఈ నవల రాసి పారేస్తానని ఇంట్లో గోడలకు కూడా వినబడేలా అనేదాన్ని. విని విని విసుగొచ్చి ఒకరోజు మా ఆయన "అయితే లీవ్ పెట్టేసెయ్" అన్నాడు. జీతం లేని సెలవు, ఒక ఏడాది. మొత్తం సర్వీసులో ఒక్కసారే ఇస్తాం, మళ్ళీ అడగొద్దు అని ఆఫీసులో ముందే చెప్పారు. ఆ ఏడాదిలో నవల వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక రానట్టే. ఆ సంగతి తెలిసే సంతకం పెట్టాను.

నా పుట్టిల్లు నెల్లూరు దగ్గర. మెట్టినిల్లు ఈ ఊళ్ళోని నటేశన్ నగర్. మా అత్తవారు ఎన్నో తరాల కింద ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, యాడ, ఏంది అని మా వైపు వాళ్ళలాగే, మధ్యమధ్య తమిళం కలిపి. కానీ ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. మా అత్తకు రాదు, మా ఆయనకు రాదు, ఎనిమిదేళ్ళ మా పాపకూ రాదు. నా కథ పత్రికలో పడితే పక్కనున్న బొమ్మ చూసి బాగుందనేవాళ్ళు. అందులో ఒక సుఖం కూడా ఉంది. ఎవరి గురించి ఏం రాసుకున్నా అడిగేవాళ్ళు లేరు.

సెలవు మొదలైన సోమవారం హాల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. పది నిమిషాలు కాలేదు, మా అత్త వంటింట్లోంచి పిలిచింది. "సుమ్మా ఉండావు గదా, గ్యాస్ వాడు వస్తాడు, చూసుకో. నేను స్నానానికి పోతా." సుమ్మా అంటే ఊరికే. ఆ ఏడాది నేను విన్నన్ని సుమ్మాలు తమిళ దేశంలో ఇంకెవరూ విని ఉండరు. సుమ్మా ఉండావు గదా, మినప్పప్పు గ్రైండర్‌లో వేసెయ్. సుమ్మా ఉండావు గదా, కరెంటు ఆఫీసుకు పోయిరా. మా అత్త చెడ్డమనిషి కాదు. ఆమె దృష్టిలో పని అంటే చేతులు కదలాలి, గిన్నె చప్పుడు కావాలి. తెల్లకాగితం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న మనిషి పని చేస్తోందంటే ఆమె కాదు, నేను కూడా నమ్మేదాన్ని కాదేమో. అయినా ఒళ్ళు మండేది.

ఇంట్లో గోల చాలదన్నట్టు బయట గోల కూడా మొదలైంది. మా వాళ్ళలో పెళ్ళి పత్రిక ఒక పక్క తమిళంలో, ఇంకో పక్క తెలుగులో అచ్చు వేయిస్తారు. ఆ తెలుగు పక్క ఎవరూ చదవరు, చదవలేరు కూడా. కానీ అది లేకపోతే పెద్దలకు మర్యాద చేసినట్టు కాదు. దాన్ని రాసిపెట్టే మనిషి కావాలి కదా. తెలుగొచ్చిన టీచరమ్మ లీవులో సుమ్మా ఉందన్న కబురు పాకిపోయింది. పత్రిక రాయమని ఒకరు, తాత రాసిన ఉత్తరం చదివి చెప్పమని ఇంకొకరు. ఒకాయన అయితే గోనెసంచీ నిండా ఇత్తడి గిన్నెలు ఆటోలో వేసుకొచ్చాడు. వాటి మీద చెక్కిన తెలుగు పేర్లు చదివి, ఏది ఎవరి పెళ్ళికి ఎవరిచ్చారో చెప్పాలట. అన్నదమ్ములు పంచుకుంటున్నారు. మధ్యాహ్నమంతా హాల్లో కూర్చుని గిన్నెలు తిరగేసి చదివాను. నాలుగు నెలలు గడిచేసరికి నా నవల మూడు అధ్యాయాల దగ్గరే ఉంది. నేను చదివిన గిన్నెలు మాత్రం నలభై దాటాయి.

బళ్ళో నాతో పనిచేసే ఒకావిడ ఫోన్‌లో నా ఏడుపంతా విని సలహా ఇచ్చింది. "మీ మెదడు అలిసిపోయింది, దాన్ని పిండితే ఏమొస్తుంది? ధ్యానం చెయ్యండి. పుస్తకం అదే వస్తుంది." ఊళ్ళో ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఒక ధ్యానమందిరం ఉందని, సాయంత్రం అయిదింటికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చని చెప్పింది. మునిగేవాడికి ఏది దొరికితే అదే. మోపెడ్ వేసుకుని వెళ్ళాను.

ఎత్తయిన గోడలు, లోపల చల్లటి నేల, చెప్పుల స్టాండ్ పక్కన వరసగా సైకిళ్ళు. చాపల మీద చిన్న దిండ్లు. నడిపించే పెద్దాయన మెల్లగా అన్నాడు, ఆలోచనలు వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి అని. నా ఆలోచనలు వచ్చేవి, పోయేవి కావు. కళ్ళు మూసుకుంటే నా నవలలో నాయిక కనబడాలి. కనబడింది నానబెట్టి మరిచిపోయిన మినప్పప్పు. నా ముందు వరసలో ఒక తెల్లావిడ గాలిలేని చోట దీపంలా కూర్చునేది. నలభై నిమిషాల్లో ఆమె జడ కూడా కదిలేది కాదు. నాకు పది నిమిషాలకే ఎడమ కాలు తిమ్మిరెక్కేది, పదిహేను నిమిషాలకు ఆవిడ మీద కోపం వచ్చేది. పదిహేను రోజులు ఓపిక పట్టాను. నెల పట్టాను. ధ్యానం వల్ల నవల రాలేదు సరికదా, ధ్యానం కూడా రాలేదు. అయినా మానలేదు. అక్కడ నలభై నిమిషాలు నన్నెవరూ సుమ్మా ఉండావు గదా అనరు, అందుకని వెళ్ళేదాన్ని.

ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం పెద్దత్త వచ్చింది. మా అత్తకు దూరపు అక్క అవుతుంది, ఊళ్ళోనే కోసపాళయంలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. తమిళం చదువుతుంది, ఫ్రెంచిలో సంతకం పెడుతుంది, తెలుగు మాత్రం నోటితోనే. చేతిలో పట్టుగుడ్డ మూట. విప్పితే లోపల ఒక లావుపాటి నోటుపుస్తకం. ఏళ్ళ తరబడి పసుపు పూసి పూసి అట్ట చెక్కలా గట్టిపడింది.

"అమ్మణ్ణీ, ఇది మా అమ్మది" అంది. "నాకు ఇరవై ఏండ్లప్పుడు పోయింది ఆమె. అప్పట్నించీ దేవుడి అరలో పెట్టి, శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెడతా ఉండాను. ఏం స్తోత్రమో తెలీదు. నువ్వు చూసి చెప్పు."

వాళ్ళమ్మ కూడా నాలాగే నెల్లూరి వైపు నుంచి కోడలిగా వచ్చిందట. ఆ ఇంట్లో చదవడం రాయడం వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. రోజూ పూజగదిలో తలుపేసుకుని ఒక గడియసేపు జపం చేసేదట, ఈ పుస్తకం పక్కన ఉండేదట. "అమ్మ జపంలో ఉందంటే ఇంట్లో చెంబు కింద పెట్టినా చప్పుడు కాకూడదు" అంది పెద్దత్త గొప్పగా.

నిజం చెప్పాలి. నేను వింటూనే లేను. వారం రోజులుగా ఏమీ రాక, ఆ పొద్దున్నే ఒక మంచి వాక్యం వచ్చింది, దాని తోక పట్టుకుని రెండోది రాబోతోంది. పుస్తకం తెరిచాను. మొదటి పేజీ నిండా శ్రీరామ శ్రీరామ అని వరసలు. ఒక పేజీ తిప్పాను, అదే. మూసేసి "రామకోటి, పెద్దత్తా" అన్నాను. పెద్దత్త ముఖం వెలిగిపోయింది. పుస్తకం కళ్ళకద్దుకుంది. "పావం మా అమ్మ, ఎంత భక్తి చూడు" అంటూ మూట కట్టుకుని, మా అత్త ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళింది. నేను బల్ల దగ్గరికి పరిగెత్తాను. రెండో వాక్యం లేదు. మొదటిది కూడా చదివి చూస్తే అంత గొప్పగా ఏం లేదు.

పదకొండో నెల వచ్చేసింది. పాత మూడు అధ్యాయాలు, కొత్తగా నాకే నచ్చని నలభై పేజీలు. రాత్రి అన్నం దగ్గర మా ఆయన "ఎంత దాకా వచ్చింది?" అని ఒక్కసారి అడిగాడు పాపం, మామూలుగానే. కంచం వదిలి లేచిపోయాను. ఇల్లంతా నా మొహం చూసి భయపడుతూ తిరిగేవారు. పాప హోంవర్కు పట్టుకుని వస్తే దాన్నీ కసిరేదాన్ని. ఈ ఇంట్లో నన్ను రాసుకోనిచ్చేవాళ్ళే లేరని కనిపించిన ప్రతి మనిషి మీదా విరుచుకుపడ్డాను. నిజానికి వాళ్ళు రాయనిచ్చిన రోజుల్లో కూడా నేను రాయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే అంత అరుపు.

అప్పుడు మళ్ళీ వచ్చింది పెద్దత్త, అదే మూటతో.

"మన వాళ్ళు బస్సు మాట్లాడుకుని భద్రాచలం పోతా ఉండారు, రేపు పొద్దున్నే. రామకోటి రాసిన పుస్తకాలు ఆడ స్వామికి అప్పచెప్తారంట గదా. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. అమ్మ పుస్తకం ఇచ్చి పంపిస్తా. అట్ట మీద ఆమె పేరు, గోత్రం తెలుగులో రాసియ్యి చాలు."

కలం తీసుకున్నాను. ఆ పసుపు అట్ట మీద సిరా పడలేదు. ఎంత రుద్దినా జారిపోతోంది. సరే, లోపల చివరి పేజీలో రాద్దామని వెనక నుంచి తెరిచాను. అక్కడ శ్రీరామ లేదు. ముత్యాల్లాంటి అక్షరాల్లో ఇలా ఉంది. "మబ్బు పట్టింది. వడియాలు ఎత్తి లోపల పెట్టినా. ఎండ కాసింది. మళ్ళీ బయట పెట్టినా. నాలుగుసార్లు అయింది. ఆకాశానికి పనిలేదు, నన్ను చూసి ఆడుకుంటా ఉంది."

పేజీలు తిప్పాను. పుస్తకం మధ్యలో, ఇంకా ముందుకు వెళ్ళి, ఎక్కడ తెరిచినా ఇలాంటి మాటలే. "అత్తకు చెవుడు లేదు. నేను పిలిచినప్పుడే వినబడదు." ఇంకో చోట "సముద్రం చూసి మూడు నెలలు. నడిస్తే అరగంట లేదు. పోతానంటే ఏం పని ఆడ అంటారు. సముద్రం దగ్గర ఏం పని ఉంటుంది ఎవరికైనా." మరో పేజీలో "నేను జపంలో ఉండానని అందరూ మెల్లగా నడుస్తా ఉండారు. స్వామి క్షమించాల. క్షమించకపోయినా ఈ ఒక్క గడియ నాది."

రామకోటి మొదటి నాలుగు పేజీలే. ఎవరైనా తెరిస్తే మొదటి పేజీలే చూస్తారని ఆమెకు తెలుసు. నేనూ అవే చూశాను.

నాకు ఏడుపొచ్చింది. అసూయతో వచ్చిన ఏడుపు అది, దాచేదేముంది. నాకు బల్ల ఉంది, కిటికీ ఉంది, ఏడాది సెలవు ఉంది, సాయంత్రం వైట్ టౌన్‌లో చల్లటి నేల ఉంది. ఆమెకు తలుపేసిన పూజగది, అబద్ధపు జపం, ఒక్క గడియ. ఆమె పుస్తకం నిండిపోయింది. నా నలభై పేజీల్లో ఆ వడియాలంత ప్రాణమున్న ముక్క ఒక్కటి లేదు.

నోరు మూసుకుని పేరు, గోత్రం రాసిస్తే పుస్తకం భద్రాచలం వెళ్ళిపోయేది. నా అబద్ధం ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది. కలం కింద పెట్టాను. "పెద్దత్తా, ఆ రోజు నేను సరిగ్గా చూడకుండా చెప్పాను. ఇది రామకోటి కాదు. మీ అమ్మ తన మాటలు రాసుకుంది" అన్నాను.

పెద్దత్త ఆ పసుపు అట్టను వేలితో తడిమింది. "యాభై ఏండ్లు పసుపు కుంకుమ పెట్టినానే" అంది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని "చదువు" అంది.

చదివాను. వడియాల దగ్గర నవ్వింది. అత్త చెవుడు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "మా నాయనమ్మ అట్లాంటిదే, అచ్చం అట్లాంటిదే." మా అత్త కూడా పొయ్యి ఆపి వచ్చి నేల మీద కూర్చుంది. అలా చదువుకుంటూ పోతున్నదాన్ని ఒక పేజీ సగంలో ఆగిపోయాను.

"ఆపినావెందుకు?" అంది పెద్దత్త.

"అక్షరాలు సరిగ్గా లేవు."

"ఒకసారి చెప్పినావు అబద్ధం. చాలు. చదువు."

చదివాను. "పిల్ల తలుపు తడతా ఉంది. అమ్మా అంటా ఉంది. తీయలా. తీస్తే ఈ పొద్దుకి ఇంక రాత లేదు. కాసేపు తట్టి ఊరకుండింది. పోలేదు. తలుపు కింద సందులో దాని కాళ్ళ నీడ కనబడతా ఉంది. రాస్తా ఉండా."

పెద్దత్త ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఆడనే కూర్చుని ఉంటి నేను" అంది. "అమ్మ స్వామితో మాట్లాడతా ఉంది, అరవకూడదు అని నాయనమ్మ చెప్పింది. స్వామి పంపిచ్చేస్తే అమ్మ వస్తాదని కూర్చుని ఉంటి." ఆ పేజీని తన వైపు తిప్పుకుంది. "నా కాళ్ళు చూసిందంటనా? రాసిందా అట్లా?"

"రాసింది పెద్దత్తా."

"తీసుంటే ఏం పొయ్యుండును ఆమెకి?"

నాకు జవాబు తెలుసు, చెప్పలేదు. తీసి ఉంటే ఈ పుస్తకం ఉండేది కాదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆమె పుస్తకాన్ని మూట కట్టలేదు. చంకలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర మా పాప ఎప్పట్నించి నిలబడి వింటోందో, దాని తల మీద చెయ్యేసి నన్ను అడిగింది. "దీనికి నేర్పిచ్చినావా తెలుగు చదవను?"

"లేదు పెద్దత్తా. టైము దొరకలేదు."

"ఏడాదంతా ఇంట్లోనే ఉండావు గదా." నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. "మరి నువ్వు రాసేది దీనికి ఎవరు చదివి చెప్తారు?"

పుస్తకం భద్రాచలం పోలేదు. తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను, దేవుడి అరలో కూడా లేదు. ఆమె మంచం మీద దిండు పక్కన ఉంది. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం వెళ్ళి రెండు పేజీలు చదివి వినిపించేదాన్ని. తలుపు తట్టిన పేజీ మాత్రం ఆమె మళ్ళీ చదవమనలేదు.

సెలవు అయిపోయింది. నవల కట్టకట్టి అటక మీద పడేశాను. బళ్ళో చేరిన రోజు హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూ "పుస్తకం ఎప్పుడు?" అంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి క్లాసుకు వెళ్ళిపోయాను. ఇంక ఇవ్వరు ఆ ఏడాది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకు చిరాకే.

ఒక వారం ఆగి మా అత్తతో చెప్పాను, పొద్దున అయిదింటి నుంచి ఆరింటి దాకా పూజగదిలో ధ్యానం చేసుకుంటానని. ఆమె నా వైపు భక్తిగా చూసింది. మర్నాటి నుంచి ఆ గంటసేపు ఇంట్లో మిక్సీ మోగలేదు. పాలవాడితో కూడా గుసగుసగా "కోడలు ధ్యానంలో ఉంది" అని చెప్పడం నాకు లోపలికి వినబడింది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. జీతం వదులుకుంటే దొరకని నిశ్శబ్దం ఒక్క అబద్ధానికి దొరికింది.

పూర్తి అబద్ధమూ కాదు. మొదటి పది నిమిషాలు వైట్ టౌన్‌లో నేర్పినట్టే కళ్ళు మూసుకుని కూర్చుంటాను. ఆలోచనలు వస్తాయి, నేను పొమ్మనను. గోనెసంచీలో ఇత్తడి గిన్నెలు వచ్చాయి. ఎవరూ చదవని పెళ్ళిపత్రికలు వచ్చాయి. గ్యాస్ వాడు, మినప్పప్పు, సుమ్మా ఉండావు గదా అన్న మా అత్త గొంతు, ఆ ఏడాది నన్ను రాయనివ్వలేదని తిట్టుకున్న ప్రతిదీ వరసగా వచ్చి కూర్చుంది. కళ్ళు తెరిచి రాశాను. మొదటిరోజే ఒక పేజీ.

మా పూజగది తలుపుకి చిన్న చిన్న ఇత్తడి గంటలుంటాయి. నాలుగో రోజు అవి మెల్లగా కదిలాయి. తలుపు కింద సందులో రెండు పాదాల నీడ. కలం ఆపలేదు. అయిదో రోజూ ఆపలేదు. ఆ రెండు రోజుల రాత బాగా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆరో రోజు కూడా వాక్యం మంచి జోరు మీద ఉంది. పాదాలు వచ్చాయి, ఈసారి గంటలు కదపలేదు. ఊరికే నిలబడ్డాయి, తర్వాత కింద కూర్చున్న చప్పుడైంది.

తిట్టుకుంటూ లేచి తలుపు తీశాను. పాపను లోపలికి లాగి, ఒక కాగితం, పెన్సిలు చేతిలో పెట్టి, పైన పెద్దగా అ రాసిచ్చాను. "ఇట్లా రాయి. మాట్లాడకూడదు. ఇది ధ్యానం" అన్నాను.

మాట్లాడకుండా ఎలా ఉంటుంది? ఎందుకిట్లా వంకర అంది, యాడ మొదలుపెట్టాల అంది, నువ్వు ఏం రాస్తా ఉండావు అంది, దాంట్లో నేను ఉండానా అంది. ఆ గంటలో నేను రాసింది ఒక్క వాక్యం. అది రాసింది ఒక్క అక్షరం, అదీ తిరగేసి.